రెండు రోజుల నునుపు

హైమావతి తన వేళ్ల వెనుక భాగాన్ని అతని మణికట్టు నుంచి మోచేతి దాకా రోమాలకు ఎదురుదిశలో నడిపింది. ఎక్కడా గరుకు తగల్లేదు. నిన్న సాయంత్రం చేసిన క్షవరం సరిగ్గానే కుదిరింది. చర్మం రంగు కొలిచే వర్ణమాపకాన్ని ఒంటికి ఆనించి పచ్చదీపం వెలిగాక, శీతలలేపనం పల్చగా రాసి, తెర మీద అరచేతి ముద్ర వేసింది.

"లోపలికి వెళ్లండి. కళ్లు మూసుకునే ఉంచండి."

ఆ ఉదయం ఆమె సిద్ధం చేసిన పదకొండో మనిషి అతను. కాంతిగది తలుపు మూసుకుంది. కాసేపటికి అవతలి తలుపు తెరుచుకుంటుంది. అవతల నిర్ధూళి పట్టణం.

ఒక్క వెంట్రుక రాలినా అక్కడ యంత్రాల కోసం తయారయ్యే బుద్ధిఫలకాలు పాడైపోతాయని పట్టణం వాళ్లు చెబుతారు. సముద్రం తీరపు ఊళ్లను తినేశాక, ఎండకు గొడుగు, తాగడానికి మంచినీళ్లు ఉన్న చోటు ఆ ప్రాంతంలో అదొక్కటే మిగిలింది. అందులో అడుగుపెట్టాలంటే తల నుంచి కాళ్ల దాకా వెంట్రుకలు కాంతిగదిలో కుదుళ్లతో సహా కాలిపోవాలి. అందుకోసం నలభై రోజులు నీడలో గడపాలి. నూనె, పసుపు ముట్టకూడదు. వెంట్రుకలు పీకకూడదు, గీయించుకోవడమే. పీకేస్తే కాంతికి కుదురు దొరకదు.

పన్నెండో పేరు తవిటమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు చేపలు ఎండబెట్టి అమ్మేది. బోడితల మీద కొంగు కప్పుకుని వచ్చి, బల్ల అంచున కూర్చుంది.

"ఒంటికి ఏమీ రాయలేదు కదమ్మా?"

"నేదమ్మా. నలబై రోజులై సబ్బు తప్ప ఏటీ ముట్టలేదు."

"దారంతో గానీ, పట్టీలతో గానీ తీయించుకున్నారా?"

"అదీ నేదు. నిన్న మీవోలే కత్తితో గీసినారు."

వర్ణమాపకం పచ్చదీపం చూపించింది. కానీ జాకెట్టు చెయ్యి పైకి జరిపినప్పుడు హైమావతి వేళ్లు ఆగిపోయాయి. అక్కడ చర్మం రెండు రంగుల్లో ఉంది. పైన చామనఛాయ, కింద మాడిన నలుపు. కింది భాగం ఇంకా వెచ్చగా, బిగుసుకుని ఉంది.

"ఎండలోకి వెళ్లారా?"

తవిటమ్మ తల దించుకుంది. "నాలుగు దినాలు ఎల్లినాను. నీరు పాకల్లోకి వొచ్చేసింది. సామాన్లు గట్టు మీదికి ఎత్తాలి గదా. మరెవులున్నారు?"

వారం క్రితమైతే ఇదే చర్మానికి ఎర్రదీపం వెలిగేది. పట్టణంలో పనివాళ్లు చాలడం లేదని మాపకం హద్దును రెండు మెట్లు పెంచారు. ఆ మర్నాడే గవిరయ్య అనే పడవ మేస్త్రీ వచ్చాడు. పచ్చదీపం వెలిగింది. హైమావతి చేతికి అనుమానం తగిలినా ముద్ర వేసేసింది. అతని వీపంతా బొబ్బలెక్కింది. పొట్టు రాలే చర్మం కూడా ధూళే కనుక రెండో రోజే బయటికి పంపేశారు. వెలుపలి గుడారంలో అతను ఇప్పటికీ బోర్లా పడుకునే ఉన్నాడు. రోజూ పనికి వచ్చేటప్పుడు ఆమె అటు చూడకుండా నడుస్తోంది.

"తవిటమ్మగారూ, యంత్రం సరేనంటోంది. నేను అనలేను. ఈ కాంతి నలుపును వెతుక్కుంటూ పోతుంది. కుదురు నల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు మీ ఒళ్లు కూడా నల్లబడి ఉంది. పైచర్మాన్నే కాల్చేస్తుంది. మళ్లీ నలభై రోజులు నీడలో ఉండి రండి."

"నలబై రోజులా?" తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మా గుంట లోపలుందమ్మా. పొద్దుటి నుండీ నొప్పులు పడతందని కబురెట్టింది. తొలి కాన్పు. యంత్రాలున్నాయంట గానీ, సెయ్యట్టుకోడానికి మనిసి నేదంట. కాలితే కాలనీ."

"కాలితే రెండో రోజే బయటికి తోసేస్తారమ్మా."

"రెండ్రోజులు సాలు నాకు."

హైమావతి ఆ చేతి మీద మళ్లీ వేళ్లు నడిపింది. రెండు రోజులు. బాగా గీసిన చర్మం కూడా రెండు రోజులు నున్నగానే ఉంటుంది. రాలడానికి దాని మీద ఏమీ ఉండదు. తొమ్మిదేళ్లుగా వందలమంది ఒళ్లు చేత్తో తడిమి చూసింది కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలుసు. కాల్చిన ఒంటి నుంచే పొట్టు రాలుతుంది. అయినా పట్టణం కాల్చిన ఒంటినే రానిస్తుంది. ఇన్నేళ్లలో ఎందుకని ఎవరూ అడగలేదు. తానూ అడగలేదు.

తెర మీద సిద్ధం, అసిద్ధం అని రెండే గళ్లున్నాయి. ఆమె రెండూ నొక్కలేదు.

"కదలకండి. ఇంకోసారి గీస్తాను."

తల, కనుబొమలు, చేతులు, కాళ్లు ఓపిగ్గా గీసింది. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది. తర్వాత కాంతియంత్రాన్ని మరమ్మతు స్థితిలో పెట్టి, తవిటమ్మను ఆ గదిలోంచి తానే నడిపించుకుపోయి, అవతలి తలుపును చేత్తో లాగింది.

తవిటమ్మ గడప దగ్గర ఆగింది. "మరి కాంతి ఎయ్యరా?"

"వెయ్యను. మీ అమ్మాయి దగ్గరికి వెళ్లండి. ఎల్లుండి ఇక్కడికి రండి. మళ్లీ గీస్తాను, మళ్లీ వెళ్దురుగాని."

హైమావతి తిరిగి బల్ల దగ్గరికి వచ్చేలోగానే గోడలోంచి గొంతు వినిపించింది. "కాంతి లేని ప్రవేశం, ఒకటి." ఆ మాటే మళ్లీ మళ్లీ. గది బయట వరసలో నిలబడ్డవాళ్లు మాటలాపి తొంగి చూశారు.

కాసేపటికి లోపలి నుంచి పర్యవేక్షకుడు సత్యకీర్తి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏం చేశావు హైమావతీ? ఆవిడను వెంటనే వెనక్కి పిలిపించు!"

"ఆవిడ కూతురి దగ్గరుంది సార్. నొప్పులు పడుతోంది ఆ పిల్ల. పిలవాలంటే మీరే వెళ్లి పిలవండి."

"ఫలకాలు పాడైతే బాధ్యత నీదా?"

"నాదే. ప్రసూతి గదిలో ధూళి అంకె పెరిగిందేమో చూడండి."

ఆమె చూపు తిప్పుకోలేదు. సత్యకీర్తి చేతిపలక తీసి చూశాడు. కాసేపాగి మళ్లీ చూశాడు.

"పెరిగిందా సార్?"

అతను పలకను కిందికి దించాడు. "లేదు," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

ఆ ఒక్క మాట వరసలో వాళ్లకు వినబడింది. పదమూడో పేరు గల యువతి ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చింది. బల్ల మీద కూర్చుని హైమావతి వైపు చెయ్యి చాపింది.

"నాకూ అలాగే గీసి పంపండి. ఆ కాంతి నాకొద్దు."

సత్యకీర్తి ఆమెను వారించబోయి ఆగిపోయాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే కనుబొమలు ఉండవలసిన చోటికి వెళ్లింది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ ఏమీ మొలవలేదు.