తేనెపట్టు రాళ్ళ ట్రిప్

"ఏటండీ ఇది? స్టాండా, ముసలోడి కాలా?"

అరుణశ్రీ ట్రైపాడ్‌ని కౌంటర్ మీద నిలబెట్టింది. అది ఒక కాలు మడిచి మెల్లగా పక్కకి ఒరిగిపోయింది.

విజయనగరం గంటస్తంభం దగ్గర కెమెరా సామాన్ల షాపు నడిపే నవీన్‌కి మాట ఎప్పుడూ నోట్లో సిద్ధంగా ఉంటుంది. "బరువెక్కువ పెట్టుంటారండి" అన్నాడు.

"మా అత్త ఫోన్ పెట్టినాను. ఫోనే. అత్తని కాదు."

నవీన్ కొత్తది తీసిచ్చాడు. ఆమె వెళ్ళాక, వ్యాన్ నడిపే స్నేహితుడు గిరిబాబు నోరు తెరిచాడు. "ఒరే, గొడవ పడకుండా సరుకు మార్చేసినావేట్రా? ఒంట్లో బాగుందా?"

బాగులేదు. అరుణశ్రీ ఊళ్ళోనే ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు, ఉండేది హాస్టల్లో. సాయంత్రాలు షాపుకొచ్చి లెన్సులు చూసేది, కొనేది కాదు. కొనని మనిషి కోసం నవీన్ షట్టర్ దించడం ఆలస్యం చేసేవాడు.

ఒకరోజు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. సముద్రం ఒడ్డున ఎర్రటి రాళ్ళు, ఒళ్ళంతా కన్నాలు.

"ఇదెక్కడ?"

"మా ఊరే. భోగాపురం దాటాక. తేనెపట్టు రాళ్ళంటాం. మావోళ్ళు వాటి మీద వలలు ఆరేస్తారు, అంతే."

"ఫొటోలు తీసేవాళ్ళని తీసుకెళ్తే?"

"తీసుకెల్లండి. ఉప్మా పెడితే మాత్రం నాను రాను."

వాట్సాప్‌లో గ్రూపు తయారైంది. ఆమె తెల్లవారే వెలుతురు కావాలంది, నవీన్ టైము మార్చాడు. ఆమె ఇడ్లీ అంది, ఇడ్లీ ఖాయమైంది. అన్నీ కుదిర్చినవాడు తన మాట మాత్రం దాచుకున్నాడు. సరుకు మీద మోజుందని ముఖంలో కనబడితే బేరం పోతుంది. కౌంటర్ వెనక నేర్చుకున్న ఆ తెలివినే ప్రేమలోనూ పెట్టాడు. రాళ్ళ దగ్గర చెబుదాంలే అనుకున్నాడు.

ఈలోగా అరుణశ్రీ తన మేనత్తని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. తల్లి లేని పిల్లని పెంచిన మనిషి, పేరు తవిటమ్మ. ఆవిడ తల ఊపందే ఆ ఇంట్లో ఏదీ కదలదు. ఆవిడ నవీన్‌ని తీరిగ్గా చూసింది.

"నవీనంటే నువ్వేనా బాబూ? మా గుంట మా ఊరికి మందిని ఏసుకొస్తాదట. ఆ నవీనెవలని ఊరు అడగదా? నువ్వు మాకేటవుతావని సెప్పమంటావు?"

లెన్స్ మూత తిప్పుతున్న అరుణశ్రీ వేళ్ళు ఆగాయి. కళ్ళెత్తి నవీన్ వైపు చూసింది.

ఈవిడ వద్దంటే ట్రిప్పు మునుగుతుంది, అరుణా రాదు. నవీన్ లెక్క అక్కడికే ఆగింది. షాపులో ఆడవాళ్ళెవరు కొనడానికి తటపటాయించినా వాడే మాటే తీసి వాడేశాడు.

"భలేవారే పిన్నీ! అరుణశ్రీ నాకు చెల్లెమ్మ లాంటిది. అన్నయ్యనని చెప్పండి."

తవిటమ్మ ఓసారి మేనకోడలి వైపు చూసింది. "అలాగా" అంది. "అలాగే సెప్తాను."

ఆదివారం వ్యాన్ ఊళ్ళోకి దిగేసరికి చేపల బుట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు నవ్వుతూ ఎదురొచ్చారు. "మా అరుణమ్మ అన్నయ్యగారంట! రండి బాబూ, టీ తాగండి!"

నవీన్ తన ఇడ్లీ పొట్లం గిరిబాబు చేతిలో పెట్టేశాడు.

సన్నటి జల్లు పడుతోంది. తడిసిన రాళ్ళు కాల్చిన ఇటుకల్లా మెరుస్తున్నాయి. అందరూ కెమెరాల్లో మునిగి ఉండగా నవీన్ అరుణశ్రీ పక్కకి వెళ్ళాడు.

"అరుణా, ఒక మాట."

"సెప్పండి అన్నయ్యా."

"అదేటి, కొత్తగా?"

"మీరు కలిపిన వరసే." ఆమె కెమెరా మూత బిగించింది. "అత్త ఆ రోజు ఊరు ఏటంటాదోనని భయపడి రాలేదండీ. మీ గురించి ఇంట్లో సెప్పింది నానే. మీ నోట ఒక్క మాట విందామని వచ్చింది. మీరు అన్నయ్యనన్నారు. ఊరంతా సెప్పేసింది. నాకొచ్చిన భీమిలి పెళ్ళి సంబంధానికి సరేనంది."

"నువ్వు రావాలని అలా అన్నాను! నా మనసులో..."

"తెలుసు. అందుకే ఎక్కువ కోపం. ఇంట్లో మీ తరఫున నానొక్కదాన్నే ఎంతకని మాటాడతాను?"

నవీన్ దాదాపు పరుగెత్తాడు. కాస్త దూరంలో తవిటమ్మ కొంగు నెత్తిన కప్పుకుని రాయి మీద కూర్చుని ఉంది.

"పిన్నీ... అత్తా! ఆ మాట నిజం కాదు. మీరు వద్దంటారేమోనని అన్నాను. నాకు అరుణంటే ఇష్టం."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఆ రోజు నీకు పని అవ్వాల, ఒకటి సెప్పినావు. ఈ రోజు పని అవ్వాల, ఇంకోటి సెప్తన్నావు. నాను ఏది నమ్మాల బాబూ?"

అరుణశ్రీ వచ్చి అత్త వెనక నిలబడింది. జవాబు కోసం ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఏ మాట నోటిదాకా వచ్చినా నవీన్‌కి అందులో కౌంటర్ వాసనే కొట్టింది. మింగేశాడు.

వాన పెరిగింది. గిరిబాబు హారన్ కొట్టాడు. "నవీనూ! కెమెరాలు తడిసిపోతన్నాయంట, ఏటి సేద్దాం?"

ఆ ప్రశ్నకి జవాబుంది. నవీన్ అటు తిరిగాడు. "అందరూ వ్యాన్ ఎక్కండి!" అని గట్టిగా అరిచాడు.

మళ్ళీ ఇటు తిరిగేసరికి అరుణశ్రీ అత్త చెయ్యి పట్టుకుని రాళ్ళు దిగుతోంది. వాళ్ళకి వ్యాన్‌తో పని లేదు. ఇసుకలో ఊరివైపు నడిచారు.