బల్లకి అటువైపు

"నా వల్ల కాదు! ఆ గదికి తాళం వేసెయ్యి... ఇక ఏ జీవాన్నీ ఈ గుమ్మం ఎక్కించొద్దు!"

తల్లి మాటకి, టీ గ్లాసులు తుడుస్తున్న కూతురి చెయ్యి ఆగిపోయింది. ముందుగదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. పోయిన నెల కన్నుమూసిన పశువుల డాక్టరుగారిని తలుచుకోవడానికి కాసేపట్లో వీధి వీధంతా రాబోతోంది. తండ్రి చదివిన చదువే చదివి, ఎక్కడో చేస్తున్న ఉద్యోగం వదులుకుని వచ్చిందా పిల్ల. "నాన్న వైద్యం చేసిన గదిలో ఇక నేను కూర్చుంటానమ్మా. ఆయనకి పట్టినట్టే నాకూ కాస్త జీవాల్ని పట్టుకో" అని అడిగింది. అడిగిన పాపానికి ఇంత మాట!

"నాన్న పోతే నువ్వు ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. అత్త నిన్ను రాయి అంటోంది. కాదని వాదించి వాదించి నా నోరు పడిపోయింది. ఇప్పుడు ఆయన గది కూడా మూసెయ్యాలా? ఆయన మీద నీకెందుకమ్మా ఇంత కక్ష?"

కక్షా! ఆవిడ స్టూలు మీద కూలబడింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. పిల్లకి ఏమని చెప్పాలి? చిన్నప్పుడు కుక్క పిక్క పట్టుకున్న నాటినుంచీ నాలుగు కాళ్ళున్న దేన్ని చూసినా తనకి గుండె నోట్లోకి వస్తుందని చెప్పాలా? పశువుల డాక్టరు పెళ్ళానికి పిల్లి అన్నా భయమేనని తెలిస్తే జనం పడీ పడీ నవ్వరూ! కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఒక రోజు, "ఇదిగో, కాస్త దీని తల పట్టుకుంటావా?" అన్నాడు. కాదనడం చేతకాలేదు. ఆ రోజు జీవాల్ని పడుకోబెట్టే బల్లకి అటువైపు నిలబడింది... అంతే, బతుకంతా అక్కడే నిలబడిపోయింది. పొయ్యి మీద కూర మాడుతున్నా, ఒంట్లో జ్వరం కాస్తున్నా, పిలుపు వస్తే వెళ్ళేది. కుక్క తలని గుండెలకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకునేది. భయమన్న మాట మాత్రం ఆయనతో కూడా అనలేదు.

భయం సంగతి అలా ఉంచండి. అంతకన్నా ఎక్కువ కాల్చేసినవి ఆయన మాటలు! సూది తీస్తూ మొదలుపెట్టేవాడు. "భయపడకు బంగారం... నేనున్నాగా... ఇంకొక్క క్షణం ఓర్చుకో... అదిగో, అయిపోయింది." కుక్కకి బంగారం, మేకకి బంగారం, ఆఖరికి కాలు విరిగిన కోడిపుంజుకి కూడా బంగారమే! మరి కట్టుకున్నదానికో? "ఇదిగో, తువ్వాలు ఏది? ఇదిగో, అన్నం పెట్టు." ఆయన కంచంలో వడ్డిస్తూ ఎన్నిసార్లు అనుకుందో... ఈ ఇంట్లో తోక లేకుండా పుట్టడమే తను చేసిన తప్పు కాబోలు అని. ఇప్పుడు ఏడవమంటే కన్నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? చేతుల నొప్పులు, నడుం నొప్పి, అలసట. మిగిలినవి అవే.

"వస్తాను. మూల కూర్చుంటాను. నన్ను మాట్లాడమనకు" అంది చివరికి.

జనం వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతున్నారు. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని ముందు దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబరిచేవారని ఒకరు. వానలో రోడ్డు పక్కనే కూర్చుని మేకకి పురుడు పోశారని మరొకరు. ఆవిడ గోడకి తల ఆనించి వింటోంది. అన్నీ నిజాలే. ఆయన మంచివాడే, ఎవరు కాదన్నారు!

ఎదురింటి దర్జీ కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "మందు సంగతి దేవుడెరుగు. ఆయన మాటలకే సగం రోగం పోయేది. ఎంత ముద్దుగా మాట్లాడేవారు జంతువులతో!"

"జంతువులతోనా?" పాలమ్మే ముసలమ్మ వెనకనుంచి అందుకుంది. "మా కొట్టానికి వచ్చి ఆవుకి ఎన్ని ఈతలు చూశారు! నోరు విప్పితే ఒట్టు. పని చూసుకుని చేతులు కడుక్కునేవారు, అంతే. నేనే ఉండబట్టలేక అడిగేశాను. 'ఏం డాక్టరుగారూ, ఇంటి దగ్గర అన్ని కబుర్లు చెబుతారే, మా ఆవు ఏం పాపం చేసింది?' అని."

ఆవిడ గోడమీదనుంచి తల ఎత్తింది.

"ఏమన్నారో తెలుసా? 'ఆవుకి మాటలెందుకు, చెయ్యి చాలు. ఇంటి దగ్గర మా ఆవిడ పట్టుకుంటుంది కదా, ఆవిడకి చచ్చేంత భయం. పైకి అనదు. నా కోసం వణుక్కుంటూ పట్టుకుంటుంది. ఆ మాటలన్నీ ఆవిడకి' అన్నారు. 'మరి ఆవిడకే చెప్పొచ్చుగా' అంటే... 'ఆవిడ అంత కష్టపడి దాచుకున్నది, నాకు తెలుసని ఎలా చెప్పను?' అన్నారు. నన్నూ చెప్పొద్దన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పలేదమ్మగారూ... ఇక ఎందుకు దాచాలి?"



దర్జీ నెమ్మదిగా తల ఊపాడు. "అవునమ్మా! ఇప్పుడు గుర్తొస్తోంది. సూది పొడిచేముందు ఆయన చూపు మీ మొహం మీదే ఉండేది. మీరేమో కళ్ళు మూసుకునేవారు..."

కళ్ళు మూసుకుంది! బతుకంతా కళ్ళు మూసుకునే నిలబడింది తను! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తెరిచి చూసినా సరిపోయేదే! కుక్క మీదా కోడి మీదా ఈర్ష్యపడి, ఆయన అన్నన్నిసార్లు పిలిచినా పలకలేదే... ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా కన్నీరు మాత్రం రాలేదు.

అప్పుడే అరుగు మీదనుంచి ఒక మూలుగు వినిపించింది. దర్జీ బిక్కమొహం వేశాడు. "మా కుక్క. కాల్లో గాజుపెంకు దిగింది. ఇవాళ అడగకూడదని బయటే కట్టేశాను..."

కూతురు తల్లి వైపు చూసింది.

ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఆయన గదిలోకి వెళ్ళి, గోడకి తగిలించి ఉన్న ఆయన కోటు పక్కనుంచి నడిచి, బల్లకి అటువైపు, తన చోట నిలబడింది. "తీసుకురా" అంది.

కుక్క తలని గుండెలకి అదుముకుంది. పాత భయం పాదాలనుంచి పాకుతూ వచ్చింది. కానీ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా తండ్రి పట్టకారు పట్టుకున్న కూతురి చేతులు కనిపించాయి. సన్నగా వణుకుతున్నాయి. పెదవి కొరుక్కుంటోంది పిచ్చితల్లి... పిల్లకీ భయమే, పైకి అనదు!

"భయపడకు బంగారం... నేనున్నాగా" అంది ఆవిడ. "ఇంకొక్క క్షణం ఓర్చుకో తల్లీ..."

కూతురు చప్పున తల ఎత్తింది. తల్లి చూపు కుక్క మీద లేదు. ఆ పిల్లకి అర్థమైంది. చేతుల వణుకు తగ్గింది. పెంకు బయటికి వచ్చి పళ్ళెంలో పడింది.

"అమ్మా, కుక్క తలంతా తడిపేస్తున్నావు" అంది కూతురు, తనూ ముక్కు ఎగబీలుస్తూ.

"తడవనీ" అంది ఆవిడ కళ్ళు తుడుచుకోకుండా. "చేతులు ఖాళీ లేవుగా. నువ్వు కట్టు కట్టు."