తలవంచని బొంగరం

గాలిలో విషం కొలిచే విషమాని ముళ్లన్నీ సున్నా మీదే ఉన్నాయి. హైమ వాటి అద్దాల్ని ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు. గంధకం సున్నా, క్లోరిన్ సున్నా, కిరణధూళి సున్నా, మామూలు దుమ్ము సున్నా, ఆఖరికి తేమ కూడా సున్నా. ఊరి కొసగోడ అవతలికి విషమాని కొత్త ముక్కు బిగించిన రోజు నుంచీ ఇదే వరస. విషమని చెప్పి, ఊరు కట్టిన మొదటివాళ్లు మూసిపెట్టిన బయటిగాలి కడిగిన ముత్యంలా ఉందని దిగువపేటలో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. తెలిసిన రోజున ఈ ఇనప మెట్టు మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అన్నీ సున్నా," అని మాటగొట్టంలోకి చెప్పింది.

"ముద్ర తెంపెయ్యండి," అంది అవతల నుంచి సభాపతి గొంతు. ఎప్పుడూ గంభీరంగా ఉండే ఆ గొంతు ఇవాళ పెళ్లివారి గొంతులా ఉంది.

లోపలి తలుపు ఉదయమే తీసేశారు. మిగిలింది బయటి తలుపు ఒక్కటే, దాని చక్రానికి ఒక సీసపు ముద్ర. హైమ కటింగ్ ప్లేయర్‌తో తీగ తెంచింది. ముద్ర టప్పుమని నేలమీద పడింది. ఇక ఆ చక్రం ఎవరు తిప్పినా తిరుగుతుంది.

"అయిపోయిందా అక్కా?"

వెనక ఫణి నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా, నుదుట బొట్టు. తలుపు తీసే భాగ్యం ఎవరిదని చీటీలు వేస్తే వాడి పేరొచ్చింది. తల్లి పోయేనాటికి వాడు చంకబిడ్డ. గోరుముద్దలు పెట్టి పెంచిన చేతులతోనే ఇవాళ వాడి దారికి అడ్డున్న ముద్ర తెంచింది హైమ. ఆ గర్వం దాచుకుందామన్నా మొహంలో దాగడం లేదు.

"అయింది. ఇక నా ఉద్యోగానికి నీళ్లొదులుకున్నట్టే."

"పోతే పోనీ. బయట బోలెడు పనుంటుంది. నేల దున్నాలి, వానొస్తే తడవాలి."

"తడవడం కూడా పనేంట్రా?"

"నాకదే పెద్ద పని. తలుపు తియ్యగానే అందరికంటే ముందు ఓ గుక్క గాలి పీల్చేస్తా. ఎంగిలి గాలి నీకు."

హైమ వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, వేదిక వైపు నడిచింది.

తలుపు ముందే వేదిక కట్టారు. బారువీధి పొడుగునా జనం చాపలేసుకుని కూర్చున్నారు. ఆ వీధి రెండు వైపులా ఎగువకే లేచి, కప్పు చాటుకు పోతుంది. కొండ కింద తొలిచారు గనక అలా ఉందంటారు పెద్దలు. ఎటు చూసినా ఎక్కుడే, ఎంత నడిచినా కాళ్లు నొప్పెట్టవు. ఎందుకని పిల్లలు అడుగుతారు. కాస్త వయసొచ్చాక వాళ్లూ మానేస్తారు.

వేదిక వెనక పరదా చాటున హస్తలాఘవ మండలి సభ్యులు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. ఊరు ముద్దుగా వీళ్లని చేతివాటం సంఘం అంటుంది. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లది, సాయంత్రమైతే నాణేలు మాయం చేయడం, చెవుల్లోంచి గుడ్లు తీయడం. వేడుకలో వీళ్ల ప్రదర్శన అయ్యాకే సభాపతి కొబ్బరికాయ కొడతాడు, అప్పుడు ఫణి చక్రం తిప్పుతాడు. ప్రదర్శనకు తలమానికం కావలసిన వస్తువు మాత్రం ఇంకా రాలేదు.

"ఇదుగో అదుగో అంటూ నెలలు గడిపింది కామాక్షి," అన్నాడు గవర్రాజు మాస్టారు, బంతులెగరేస్తూ. మండలికి పెద్దాయనే. జీవితమంతా ఈ విద్యలోనే పండించిన తల. "ఆ బొంగరం రాకపోతే నా బంతులే గతి."

ఆయన బంతిని ఎగరేసి, అది పడేచోటికి చూడకుండానే చెయ్యి బెత్తెడు పక్కకు జరిపి పట్టుకున్నాడు. అదే వాలు. నిటారుగా ఎగరేసిన బంతి బెత్తెడు పక్కకు, ఎప్పుడూ బారువీధి వెంట ఒక్కవైపే పడుతుంది. మండలిలో చేరినవాళ్లకు మొదటి పాఠం ఆ వాలు పట్టుకోవడం. రెండోది నీళ్ల చెంబును తాడుకట్టి గిరగిరా తిప్పడం, చుక్క ఒలకకుండా. హైమ కూడా మండలి మనిషే; ఇవాళ ఆమె వంతు చెంబు అక్కడే, నీళ్లతో సిద్ధంగా ఉంది. ఇక కట్టుబాట్లంటారా, కిటుకు చెప్పకూడదు, సామాను చూసేవాళ్ల చేతికివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తోటివాడు వేదిక మీద తడబడితే మిగతావాళ్లు చప్పట్లు కొట్టి ఆ తప్పు కప్పెయ్యాలి. పరువు కాపాడటంలో వీళ్లని మించినవాళ్లు లేరు.

పరదా తోసుకుని కామాక్షి వచ్చి పడింది. లేత్ మిషన్ దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, చీర నిండా ఇత్తడి పొట్టు.

"తిట్టకండి మాస్టారూ. ఇరుసు కుదర్లేదు. మళ్లీ మళ్లీ సానపట్టాల్సొచ్చింది."

తువ్వాలు విప్పింది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన మూడు ఇత్తడి కట్లు, నడుమ అరచేతంత రాగి చక్రం. మొదటివాళ్ల బొమ్మల పుస్తకంలో ఎవరికో కనిపించిన ఆటవస్తువు ఇది. ఏం చేస్తుందో అందులో రాయలేదు. మూడుకట్ల బొంగరమని పేరు వీళ్లే పెట్టుకున్నారు.

కామాక్షి దారం చుట్టి సర్రున లాగింది. చక్రం సన్నగా గీపెట్టింది.

"పట్టుకోండి. ఎటు కావాలంటే అటు తిప్పండి."

మాస్టారు బయటికట్టు పట్టుకుని అటు వంచాడు, ఇటు వంచాడు, తనే గిర్రున ఒక చుట్టు తిరిగాడు. కట్లు తిరిగాయి గానీ నడుమ ఇరుసు మాత్రం కొసగోడ మీది వేదిక దీపం వైపే గురిపెట్టి ఉండిపోయింది.

"ఓరి దీని మొండితనం! నేను తిరిగితే నేనే తిరిగాను, ఇది తిరగలా!"

అందరూ చిన్నపిల్లలైపోయారు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. ఎవరు ఎలా తిప్పినా అది తన చూపు మార్చుకోలేదు. చివరికి హైమ దాన్ని బల్లమీద పెట్టి, ఇరుసును నిటారుగా నిలబెట్టి, మళ్లీ దారం లాగింది.

కాసేపు నిలబడింది. తర్వాత ఇరుసు పక్కకు వాలడం మొదలుపెట్టింది. పడిపోవడం కాదు, పెద్దల ముందు తలవంచినట్టు నెమ్మదిగా. పూర్తిగా పడుకుంది. అయినా ఆగలేదు. తలకిందులైంది. అటువైపు నుంచి మెల్లగా లేచి, మళ్లీ నిటారుగా నిలబడింది. వక్కపలుకు నమిలి మింగేలోపు జరిగిపోయింది.

పరదా చాటున అందరూ బల్ల మీదికి వంగారు.

"దారముందా?" మాస్టారు బల్ల చుట్టూ చెయ్యాడించాడు. లేదు. అయస్కాంతమేమోనని బల్ల మార్చారు. గాలేమోనని గాజుబుడ్డి బోర్లించారు. లోపల అది తన పాటికి తాను వంగి, పడుకుని, లేచింది. అందరూ కామాక్షి వైపు చూసి అదోలా నవ్వారు, కిటుకు భలే దాచావులే అన్నట్టు.

"మా అమ్మతోడు, నేనేం పెట్టలేదు," అంది కామాక్షి. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అడగనులేమ్మా. అడక్కూడదు కూడా," అన్నాడు మాస్టారు.

హైమ నవ్వలేదు. బల్ల ఎటు తిప్పినా బొంగరం ఒక్కవైపే వాలుతోంది. బారువీధి వెంటే. బంతి పడే వైపు. ఇరుసును కొసగోడ వైపు పడుకోబెట్టి చూసింది. అప్పుడు అసలు కదల్లేదు.

ఎవరు తిప్పినా తిరగనిది కదా ఇది. మాస్టారు తిరిగితే తిరిగింది మాస్టారే. మరి ఇప్పుడు దీన్ని పట్టుకుని ఎవరు తిరుగుతున్నారు? బల్ల. బల్ల కింద నేల. నేల మీద ఊరు.

ఆమె చూపు పక్కనున్న నీళ్లచెంబు మీద పడింది. తిప్పినంతసేపూ నీళ్లు చెంబు అడుగుకే అంటిపెట్టుకుంటాయి. ఒలకవు. నీళ్లకు అడుగే నేల. తేమ సున్నా. దుమ్ము సున్నా. దుమ్మైనా లేని గాలి ఎక్కడైనా ఉంటుందా? ఆ ముద్ర తెంచింది తనే. చక్రం దగ్గర నిలబడింది ఫణి.

"మాస్టారూ, తిరుగుతున్నది ఇది కాదు. మనం!" ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "మన ఊరు కొండ కింద లేదు. తిరిగే చెంబులో ఉంది. బయట గాలి లేదు మాస్టారూ!"

గవర్రాజు మాస్టారు కళ్లు మెరిశాయి. "అబ్బ! ఏం మాటన్నావమ్మా! వేదిక మీద అచ్చం ఇలాగే అను. ఆ వణుకుతో సహా. జనం అదిరిపోతారు!"

నాదస్వరం ఆగింది. ఎవరో ఆమె పేరు పిలిచారు. బొంగరంతో సహా హైమను పరదా ఇవతలికి నెట్టారు.

ఎదురుగా ఊరంతా. పక్కనే కొబ్బరికాయ పట్టుకుని సభాపతి. నాలుగడుగుల అవతల చక్రం దగ్గర ఫణి, పళ్లికిలించి చూస్తున్నాడు.

"ఆపండి," అంది హైమ. "తలుపు తియ్యొద్దు. బయట... మనం అనుకున్నది..."

పరదా వెనక మండలికి అర్థమైంది, హైమ తడబడుతోందని. పాపం, వాళ్లకు తెలిసిన ధర్మం వాళ్లు చేశారు. మాస్టారు మొదలుపెట్టాడు, తక్కినవాళ్లు అందుకున్నారు. చప్పట్లు. జనం కూడా కలిశారు. బారువీధి దద్దరిల్లింది. హైమ అరుస్తూనే ఉంది. నోరు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు. ప్రదర్శన ముగిసిందనుకుని సభాపతి చిరునవ్వుతో కొబ్బరికాయ కొట్టేశాడు. ఫణి రెండు చేతులూ చక్రం మీద వేశాడు.

ఇలాంటి చప్పట్లు ఆమె కూడా ఎన్నిసార్లో కొట్టింది, తోటివాళ్ల పరువు కోసం. అవి మనిషిని నిలబెట్టి గొంతు నులుముతాయని ఇప్పుడే తెలిసింది.

హైమ బొంగరం దారం లాగింది. వేదిక దిగి పరిగెత్తి, దాన్ని తీసుకెళ్లి ఫణి చేతిలో పెట్టింది.

పరదా వెనక చప్పట్లు కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. మండలి పుట్టిన నాటి నుంచీ సామాను చూసేవాళ్ల చేతికి పోలేదు. వాళ్లు ఆగేసరికి జనమూ ఆగారు.

"గట్టిగా పట్టుకో. కదలకు," అంది హైమ.

ఫణి బిత్తరపోయి పట్టుకున్నాడు. వాడి చేతులు కదల్లేదు. కట్లలో ఇరుసు మెల్లగా వాలింది, పడుకుంది, తలకిందులైంది.

"నువ్వు తిప్పావా?"

"లేదక్కా."

"ఇప్పుడు కిటుకు చెప్తా విను. అందరూ వినండి. ఇది తిరగదు. దాన్ని పట్టుకున్నవాళ్లే తిరుగుతారు. మనం చెంబులో నీళ్లంరా తమ్ముడూ. ఊరు గిరగిరా తిరుగుతోంది గనక దాని అడుగుకు అంటుకుని బతుకుతున్నాం. చెంబు అవతల నేలుండదు." ఆమె సభాపతి వైపు తిరిగింది. "తప్పు నాది. గాలిలో ఏముందో కొలిచాను గానీ, అసలు గాలుందా అని కొలవలేదు. అక్కడ ఏమీ లేదు గనకే అన్నీ సున్నా."

సభాపతి మొహం ఎర్రబడింది. "శుభమా అని తలుపు తీస్తుంటే గారడీ మాటలేంటమ్మా! ఇవాళ్టి కోసం నాలుగు తరాలు కళ్లు కాయలు కాచేలా చూశాం. ఫణీ, చక్రం తిప్పవయ్యా."

ఫణి ఒక చేత్తో బొంగరం, ఒక చేత్తో చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూశాడు, సభాపతి వైపు చూశాడు. చివరికి పరదా వైపు తిరిగాడు.

"మాస్టారూ! ఇందులో కిటుకుందా?"

ఆ ప్రశ్న గవర్రాజు మాస్టారిని ఊళ్లో అడగనివాళ్లు లేరు. పెళ్లాం కూడా అడిగింది. ఎన్నడూ జవాబు చెప్పింది లేదు. పరదా తొలగించుకుని ముసలాయన బయటికొచ్చాడు. చేతిలో బంతి ఉంది. దాన్ని నిటారుగా పైకెగరేసి, ఈసారి చెయ్యి జరపకుండా అలాగే చాపి ఉంచాడు. బంతి బెత్తెడు అవతల నేలమీద పడి దొర్లుకుంటూ పోయింది. దాన్ని అలా పడనివ్వడం ఆయన జీవితంలో అదే మొదలు.

"లేదు బాబూ," అన్నాడు. "ఇందులో కిటుకు లేదు."

తలెత్తి ఒకరు ఎగువ వైపు చూశారు. తర్వాత ఇంకొకరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఆ వంపును అప్పుడే చూస్తున్నట్టు ఊరు ఊరంతా చూసింది. సభాపతి చేతిలోంచి కొబ్బరిచిప్ప జారిపోయింది.

ఫణి చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు, కాలే పెనం మీద నుంచి తీసినట్టు. రెండు చేతులతోనూ బొంగరం పట్టుకుని అక్క మొహంలోకి చూశాడు.

"అయితే, వాన లేదా అక్కా?"

హైమ వాడి చేతుల కింద తన చేతులు ఆనించింది. వాడి చేతుల్లో బొంగరం అటువైపు నుంచి మెల్లగా లేచి, మళ్లీ నిటారుగా నిలబడింది.