నెమలి మెడలో ఏడు సెకన్లు

భీమరాజు కింద పడలేదు. అసలు ఘోరం అదే.

నలభై అడుగుల ఎత్తున, సరుగుడు బాదుల మీద కట్టిన లైటింగ్ నెమలి మెడ దగ్గర, నడుముకు బిగించుకున్న తాడుకి అలాగే వేలాడుతూ ఉండిపోయాడు. కుడిచేతిలో బల్బు హోల్డరు. వైరు కొసలు అరచేతిలో దిగబడి ఉన్నాయి.

2003 జూన్ 15, ఆదివారం. సాయంత్రం 6 గంటల 52 నిమిషాలు. కొమరిలంకలో అమ్మవారి జాతర మొదటి రోజు.

పైన మనిషి కాళ్ళు తన్నుకుంటుంటే కింద కొందరు చప్పట్లు కొట్టారు. నెమలితోపాటు మనిషి బొమ్మ కూడా ఆడుతోందనుకున్నారట. జనం సంగతి చెప్పేదేముంది!

ఎస్సై సత్తిరాజు 7:10కి వచ్చాడు. శవాన్ని దించేసరికి 7:40 అయింది. దుప్పటి కప్పారో లేదో, జాతర కమిటీ ప్రెసిడెంటు ఆయన పక్కకు చేరి లైట్లు మళ్ళీ ఎప్పుడు వేసుకోవచ్చని అడిగాడు. రెండు రోజులు ఆగమన్నాడు సత్తిరాజు. ప్రెసిడెంటు మొహం మాడ్చుకున్నాడు. చావడానికి వీడికి వేరే రోజే దొరకలేదా అన్నట్టుంది ఆ మొహం.

ఏ కేసైనా మూడు రోజుల్లో తేల్చేస్తాడని సత్తిరాజుకు పేరు. ఎలా తేలుస్తాడని మాత్రం ఎవరూ అడగరు.

భీమరాజు లైటింగ్ కంపెనీలో ఆ రోజు ఉన్నది ముగ్గురే. యజమాని భీమరాజు, ఆయన చెల్లెలి మొగుడు చినబాబు, జనరేటర్ చూసే బుల్లియ్య. నెమలి కాళ్ళ దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో చిప్పు పెట్టిన బోర్డు. నెమలి పింఛం, మెడ, ముక్కు, కింద తామరపువ్వు, అన్నీ కలిపి ఎనిమిది లైన్ల బల్బులు. మెడది ఐదో లైను. ఏ లైను ఎప్పుడు వెలగాలో ఆ బోర్డే చెబుతుంది.

చినబాబు ఏడుస్తూనే వివరంగా చెప్పాడు. మెడ దగ్గర ఒక హోల్డరు కాలిపోయింది. అది మార్చడానికి భీమరాజు బోర్డును స్టాప్‌లో పెట్టి ఎక్కాడు. స్టాప్‌లో పెడితే అన్ని లైన్లూ ఆరిపోతాయి. మెయిన్ మాత్రం ఆపలేదు.

"ఆ బోర్డుకి రోగముందండి బాబుగారూ. జనరేటర్ దగ్గితే చాలు, స్టాప్‌లో ఉన్నా లైట్లు వేసేస్తుంది. మా బావ చేతిలో వైరు ఉండగా దగ్గింది. అంతేనండి."

తాను ఆ సమయంలో సోడాబండి దగ్గర ఉన్నానన్నాడు. ఆ బోర్డు బొత్తాలు తనకు తెలియవనీ, ఏనాడూ దాన్ని ముట్టుకోలేదనీ చెప్పాడు. ఆ మాట సత్తిరాజు అడగలేదు. అయినా చెప్పాడు.

జనరేటర్ బడి వెనకాల ఉంది. అది అప్పుడప్పుడూ దగ్గే మాట నిజమేనన్నాడు బుల్లియ్య. ఆదివారం సాయంత్రం దగ్గిందో లేదో గుర్తులేదు. దగ్గే ఉంటుందన్నాడు.

జాతరను వీడియో తీస్తున్నవాడి దగ్గర క్యాసెట్ ఉంది. సత్తిరాజు వేయించుకుని చూశాడు. టైము తెర మూల మీద పడుతోంది. 6:52కి చీకట్లో నెమలి మెడ వెలిగింది. మనిషి కొట్టుకున్నాడు. మెడ ఆరింది. ఇంకేం కావాలి? బోర్డే చంపింది. బోర్డు చేసినవాడెవడు?

విజయ్ పాల్. ఇరవై నాలుగేళ్ళు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. రామచంద్రపురంలో చిన్న రిపేరు షాపు. ఆదివారం రాత్రి ఎనిమిది దాకా షాపులోనే ఉన్నాడని నలుగురు చెప్పారు. అది సత్తిరాజుకు అనవసరం. నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైతే కేసు పెట్టడానికి అక్కడ ఉండక్కర్లేదు. అదే రాత్రి ఎత్తుకొచ్చి లాకప్పులో పడేశాడు.

సోమవారం ఉదయం 11 గంటలకు విచారణ మొదలైంది.

బోర్డుకి రోగం ఉన్న సంగతి తెలుసా అని అడిగాడు సత్తిరాజు. తెలుసన్నాడు విజయ్ పాల్. మెయిన్ ఆపకుండా పైకి ఎక్కవద్దని భీమరాజుగారికి పదిసార్లు చెప్పానన్నాడు.

"చెప్పావనడానికి చచ్చినవాడు వచ్చి సాక్ష్యం చెబుతాడట్రా?"

జవాబు కోసం ఆగకుండా సత్తిరాజు ఇంకోటి అడిగాడు.

"బోర్డు అతికించేది ఏ చేత్తో?"

"కుడిచేత్తో సార్."

నిజం చెప్పాడు పాపం. ఎందుకడిగాడో తెలిస్తే చెప్పేవాడు కాదు. హెడ్ కానిస్టేబుల్ జ్ఞానప్రకాశం ఆ చేతిని బల్ల మీద పెట్టి పట్టుకున్నాడు. సత్తిరాజు లాఠీ తీసుకున్నాడు. పదకొండు దెబ్బలు. 11:40 కల్లా, రోగం దాచిపెట్టి బోర్డు అమ్మానని విజయ్ పాల్ ఒప్పేసుకున్నాడు. ఇంకో పది దెబ్బలు పడితే గోదావరికి గండి కొట్టింది కూడా నేనేనని ఒప్పుకునేవాడు.

సాయంత్రం వాళ్ళమ్మ సువార్తమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. మిషన్ బళ్ళో టీచరు. కొడుకు చెయ్యి చూసింది. తన తువ్వాలు తడిపి చేతికి చుట్టి, అన్నం కలిపి తినిపించి వెళ్ళిపోయింది.

మంగళవారం పైనుంచి ఫోన్లు వచ్చాయి. లైట్లు లేకపోతే జాతర ఏం జాతర? సాయంత్రం 6:40కి అదే నెమలి, అదే బోర్డు, మళ్ళీ వెలిగించారు. బందోబస్తుకు వచ్చిన సత్తిరాజు తామరపువ్వు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

6:58కి జనరేటర్ దగ్గింది.

ఒక్కసారిగా ఎనిమిది లైన్లూ భగ్గుమన్నాయి. పింఛం, మెడ, ముక్కు, తామర, ఏదీ మిగలలేదు. కన్ను మూసి తెరిచేంతలో అన్నీ ఆరిపోయి ఆట మళ్ళీ మొదటినుంచి మొదలైంది. జనం అమ్మవారి మహిమనుకుని దండాలు పెట్టుకున్నారు.

సత్తిరాజు కుర్చీలోంచి లేచాడు.

ఇదా రోగం? మరి ఆదివారం ఒక్క మెడే ఎందుకు వెలిగింది?

జీపు స్టేషనుకి పరుగెత్తింది. క్యాసెట్ మళ్ళీ వేయించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. పింఛం చీకటి. ముక్కు చీకటి. తామర చీకటి. మెడ ఒక్కటే వెలిగింది. 6:52:10కి వెలిగి 6:52:17కి ఆరింది. ఏడు సెకన్లు. రెండు రోజుల కింద ఇదే బొమ్మను కళ్ళారా చూశాడు. చూసి, ఓ మనిషి చెయ్యి విరగ్గొట్టాడు.

లాకప్పు తలుపు తీయించి లోపలికి వెళ్ళాడు. విజయ్ పాల్ గోడకు నక్కాడు.

"జనరేటర్ దగ్గితే ఎన్ని లైన్లు వెలుగుతాయి?"

"ఎనిమిదీ సార్."

"ఎంతసేపు?"

"రెప్పపాటు."

"ఐదోది, మెడ లైను ఒక్కటే ఏడు సెకన్లు వెలగాలంటే?"

విజయ్ పాల్ తలెత్తి చూశాడు. "అది రోగం కాదు సార్. టెస్ట్ బొత్తం. ఎవరో నొక్కి పట్టుకోవాలి."

వివరంగా చెప్పమన్నాడు సత్తిరాజు. ఆ గొంతులో తిట్టు లేదు. విజయ్ పాల్ ఎడమచేత్తో నేల మీద గీసి చూపించాడు. చిప్పుకి రెండు వైపులా సన్నటి కాళ్ళుంటాయి, వాటినే పిన్నులంటారు. అందులో ఎనిమిది బయటికి మాట చెప్పేవి. ఒక్కో పిన్ను ఒక్కో లైను. పిన్ను మీద ఒకటి ఉంటే లైను వెలుగుతుంది, సున్నా ఉంటే ఆరిపోతుంది. కరెంటు ఊగితే చిప్పుకి స్పృహ తప్పినట్టయి మొదటికొస్తుంది. అలా లేచే క్షణంలో ఎనిమిది పిన్నులూ ఒకటై ఉంటాయి. దాని పుట్టుకే అంత. ఎనిమిదీ వెలుగుతాయి గానీ, అందులో ఒకదాన్నే ఎంచుకుని వెలిగించడం దానికి చేతకాదు.

ఇంకో పిన్ను బయటి మాట వినేది. దానికే టెస్ట్ బొత్తం కట్టాడు. ఊరికే వదిలేస్తే ఆ పిన్ను ఒకటిగా ఉంటుంది. బొత్తం నొక్కితే సున్నా అవుతుంది. ఎన్నిసార్లు సున్నా అయిందో ప్రోగ్రాం లెక్కపెడుతుంది.

"ఐదో లైను కావాలంటే ఐదుసార్లు నొక్కి, ఆరోసారి నొక్కి పట్టుకోవాలి సార్. స్టాప్‌లో ఉన్నా వెలుగుతుంది. పట్టుకున్నంతసేపే. వేలు తీస్తే ఆరిపోతుంది. పైన మనిషి ఉంటాడు కదా, పొరపాటున కూడా వెలిగి ఉండిపోకూడదని అలా చేశాను."

"ఇది నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న మీరు రోగం గురించే అడిగారు సార్."

ఈ కిటుకు ఎవరెవరికి నేర్పావని అడిగాడు సత్తిరాజు. భీమరాజుగారికి ఒక్కరికేనన్నాడు విజయ్ పాల్.

కానీ ఒక్కడితో అయ్యే పని కాదది. పైనున్నవాడు బల్బులు చూసుకుంటుంటే కింద బొత్తం పట్టుకునేవాడు ఒకడుండాలి. భీమరాజు వాడికి నేర్పే ఉంటాడు. బుల్లియ్యా? చినబాబా?

బుల్లియ్యను పిలిపించి మాట్లాడిస్తే ఒక సంగతి బయటపడింది. చిప్పులు రాకముందు ఆ లైట్లను నడిపింది కర్ర డ్రమ్ము. దాని మీద రాగి పట్టీలు కొట్టి ఉంటాయి. డ్రమ్ము తిరుగుతుంటే ఒక్కో పట్టీ ఒక్కో లైనును వెలిగించేది. ఆ డ్రమ్ము కట్టింది, పాతికేళ్ళు తిప్పింది చినబాబు. ఉప్పాడ నుంచి రాజమండ్రి దాకా జాతరవాళ్ళు డ్రమ్ము చినబాబు అని పేరు పెట్టి పిలిచేవారు. బోర్డు వచ్చిన రోజే భీమరాజు ఆ డ్రమ్మును పదిమంది ముందు గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టించాడు. చినబాబుకు బల్బులు తుడిచే పని ఇచ్చాడు.

బుధవారం ఉదయం 11 గంటలు. నెమలి ముందు కమిటీవాళ్ళు, బుల్లియ్య, చినబాబు. కట్టుతో విజయ్ పాల్, పక్కన జ్ఞానప్రకాశం. పైన ఎవరూ లేరు. బోర్డు స్టాప్‌లో ఉంది.

బోర్డువాడు నేరం ఒప్పేసుకున్నాడనీ, కేసు అయిపోయినట్టేననీ సత్తిరాజు అందరికీ వినబడేలా చెప్పాడు. మెడ లైను పనిచేస్తోందని పంచనామాలో ఒక్క ముక్క రాసుకుంటే చాలు.

"విజయ్ పాల్, ఐదో లైను వెయ్యి."

విజయ్ పాల్ చెయ్యి చాపాడు. కట్టులోంచి నల్లగా ఉబ్బిన వేళ్ళు బయటికున్నాయి. బొత్తం మీద ఆనించగానే విలవిల్లాడిపోయాడు. నెమలి ఈకల వెనక దాక్కున్న పిల్లలు నవ్వారు.

"వీడివల్ల కాదు గానీ, చినబాబూ, ఆ ఎర్ర బొత్తం ఐదుసార్లు నొక్కవయ్యా. తొందరగా కానీ, భోజనం వేళవుతోంది."

చినబాబు గుండెల మీంచి బరువు దిగినట్టే ఉన్నాడు. బోర్డువాడు జైలుకి పోతున్నాడు. ముందుకొచ్చి వేలు పెట్టాడు.

సత్తిరాజు ఆయన కళ్ళలోకి చూస్తూ మామూలుగా అడిగాడు. "నీ డ్రమ్ము టేకుదటగా? గొడ్డలికి లొంగడానికి ఎంతసేపు పట్టింది?"

చినబాబు మొహం నల్లబడిపోయింది. చూపు సత్తిరాజు మీదే ఉండిపోయింది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. క్షణం ఆగి, ఆరోసారి నొక్కి పట్టుకుంది.

నెమలి మెడ వెలిగింది.

పట్టుకోమని చినబాబుకు ఎవరూ చెప్పలేదు.

"తియ్యకు," అన్నాడు సత్తిరాజు. గడియారం చూసుకుంటూ పైకి లెక్కపెట్టాడు. ఏడు దాకా లెక్కపెట్టాడు. అది ఎంత పెద్ద సమయమో అక్కడున్న అందరికీ తెలిసింది. "ఇప్పుడు తియ్యి. ఆదివారం కూడా ఇంతసేపే పట్టుకున్నావు. బోర్డును ముట్టుకోనివాడివి కదా నువ్వు?"

చినబాబు వేలు తీశాడు. మెడ ఆరిపోయింది. ఆయన అబద్ధమాడే ప్రయత్నం కూడా చేయలేదు.

"బావా పోతాడు, బోర్డూ పోతుందనుకున్నానండి. బోర్డు చంపిందంటే ఇంకెవరూ దాన్ని కొనరు కదండి."

"ఏడు సెకన్లు ఎందుకు పట్టుకున్నావు? ఒక్కటి చాలేది కదా?"

"పడతాడని చూశానండి. పడలేదు. అందుకని తియ్యలేదు."

బుల్లియ్య నెమలికి వీపు తిప్పి బడి వెనక్కి వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటు మాత్రం జ్ఞానప్రకాశాన్ని పక్కకు పిలిచి, సాయంత్రం లైట్లకు అడ్డమేమీ లేదుగా అని అడిగాడు.

మధ్యాహ్నం 3 గంటలకు జిల్లా ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఫోను వచ్చింది. సత్తిరాజు ఫోను పెట్టేసి బయటికి చూస్తే బెంచీ మీద సువార్తమ్మ, విజయ్ పాల్ కూర్చుని ఉన్నారు. కుడిచేతి రెండు వేళ్ళ ఎముకలు ముక్కలయ్యాయని, అవి ఇక వంగవని డాక్టరు రాసిచ్చాడు. సత్తిరాజుకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. ఆ తర్వాత తన ఉద్యోగం గుర్తొచ్చింది.

జ్ఞానప్రకాశం చేత కాగితం రాయించాడు. స్టేషనులో నన్ను ఎవరూ కొట్టలేదు, వేళ్ళ మీద లాకప్పు తలుపు పడింది, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

"ఇది సంతకం పెడితే ఇప్పుడే ఇంటికి పంపించేస్తానండి, టీచరుగారూ. లేదంటే కోర్టు కాగితాలు వచ్చేసరికి సోమవారం అవుతుంది. మీ ఇష్టం."

సువార్తమ్మ కాగితం మొత్తం చదివింది. ఇంకోసారి చదివింది. రాసిందెవరని అడిగింది. జ్ఞానప్రకాశం తల ఎత్తలేదు. ప్రతి ఆదివారం ఆమె వెళ్ళే చర్చికే అతనూ వెళతాడు.

"అక్షరదోషాలు లేవండి," అంది.

విజయ్ పాల్ కలం అందుకున్నాడు. కలం నిలవలేదు, జారి కింద పడింది. ఎడమచేత్తో రాయడం రాదు. సత్తిరాజు సిరా పెట్టెను ముందుకు తోశాడు. వేలిముద్ర చాలన్నాడు.

సువార్తమ్మ కొడుకు ఎడమ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద తనే ఒత్తింది. జ్ఞానప్రకాశం దాని కింద, చదువురానివాళ్ళకు రాసినట్టే, విజయ్ పాల్ నిశాని అని రాశాడు.

ఆమె ఆ మాట చూస్తూ ఉండిపోయింది.

"వీడికి అక్షరాలు నేనే దిద్దించానండి," అంది.

ఆమె చీర కొంగుతో కొడుకు బొటనవేలు తుడిచింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. సత్తిరాజు కాగితం ఆరిందో లేదో చూసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు.