ఫ్రీక్వెన్సీ మీద పరాయి గొంతు

లాండ్రీ కంపెనీ మేడ మీద నిలబెట్టిన ఏరియల్ స్తంభాన్ని కింద నుంచి పై దాకా చూసి రేడియో ఇన్‌స్పెక్టర్ నొసలు చిట్లించాడు. జేబులోంచి హ్యాండ్‌సెట్ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నా, చెప్పండి," అంది ఇంట్లో సెట్టు ముందు కూర్చున్న భార్య.

"బట్టలు మోసే వ్యాన్లకి ఇంత ఏరియల్ ఎందుకే? ఇది ఊరు మొత్తానికి సరిపోతుంది. పైగా దీనికి తగిలించిన పెట్టె చూస్తే..."

వెనక మడమల చప్పుడైంది. ఆయన తిరిగి చూడలేదు. పెట్టె మూత విప్పడంలో మునిగిపోయి ఉన్నాడు.

"ఎండ ఎక్కువగా ఉంది కదా సార్," అంది ఒక ఆడ గొంతు, తేనె పూసినట్టు.

తరువాత ఒక కేక. ఆ తరువాత సెట్టులో గాలి హోరు.

కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఎనిమిది అంతస్తుల మీది నుంచి పడిన మనిషిని అంతకన్నా ఏం అడుగుతారు?

* * *

"నోరు తెరు," అన్నాడు పెద్దాయన.

పిచ్చుక అన్న మారుపేరుతో తిరిగే గూఢచారి నోరు తెరిచాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకుని ఉన్నాడు. తెల్లకోటు, ముఖానికి మాస్కు వేసుకుని మీదికి వంగిన పెద్దాయన దేశం మొత్తంలో పదిమందికి కూడా తెలియని ఒక శాఖకు అధిపతి. పక్క గదిలో డ్రిల్లింగ్ మెషిన్ ఊరికే తిరుగుతోంది, మాటలు బయటికి పోకుండా.

"చనిపోయినాయన నీ బావ అని తెలిసే పిలిచాను," అన్నాడు పెద్దాయన. "విను. ప్రైవేటు వాడకందారులకని వదిలిపెట్టిన రేడియో బ్యాండ్ ఒకటుంది. సరదాకి మాట్లాడుకునేవాళ్ళు, పడవలవాళ్ళు, ఇంటి దగ్గర ముసలివాళ్ళని కనిపెట్టుకునేవాళ్ళు వాడుకుంటారు. వ్యాపారానికి వాడకూడదు. ఏడాదిగా ఈ లాండ్రీ వాళ్ళు దాన్ని ఆక్రమించేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు, తువ్వాళ్ళు, గలీబులు. జనం ఫిర్యాదులు చేసి చేసి ఊరుకున్నారు. చిన్న తప్పేలే అని మనమూ వదిలేశాం."

"కాదా?"

"రేపు మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు. చుట్టుపక్కల ఒక్క ఫోనూ పనిచెయ్యకుండా ఆపేశాం. పోలీసు ఛానెళ్ళు, వ్యాపార ఛానెళ్ళు అన్నిటి మీదా నిఘా ఉంది. ఈ ఒక్క బ్యాండే తల్లీ తండ్రీ లేని పిల్ల. ఆ లాండ్రీ వెనక ఉన్నది విదేశీ ముఠా అని కబురు వచ్చింది. ఏం పెట్టారో, ఎక్కడ పెట్టారో తెలియదు."

"కబురు ఎవరిది?"

"సీతాకోకది. అక్కడ వ్యాన్లను పంపే డిస్పాచర్. వాళ్ళు తమ మనిషి అనుకుంటున్నారు. నిజానికి మన మనిషి."

"మన మనిషని ఎవరు చెప్పారు సార్?"

పెద్దాయన మాస్కు సర్దుకున్నాడు. "ఆమే చెప్పింది."

పిచ్చుక కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"మన లైన్లు కూడా వాళ్ళ చెవిలో ఉన్నాయని అనుమానం," అన్నాడు పెద్దాయన. "నువ్వు ఆఫీసుతో మాట్లాడకు. నీ మాట వినడానికి బయటి మనిషి కావాలి. నమ్మకమైన చెవి."

"అలాంటి చెవి నాకు ఒక్కటే ఉంది, మా అక్కది," అన్నాడు పిచ్చుక.

* * *

బావ పోయిన దగ్గర్నుంచి అక్క ఆ సెట్టు కట్టెయ్యలేదు. వంటింటి గట్టు మీద, పొయ్యి పక్కనే పెట్టుకుంది. అందులో లాండ్రీ ఆఫీసు మాట పట్టదు, వ్యాన్ల వాళ్ళ గొంతులే; ఎవడో దుప్పట్ల లెక్క చెబుతున్నాడు.

ఆమె రెండో సెట్టును పక్క ఛానెల్ మీద పెట్టి, తమ్ముడి చొక్కాకు పై గుండీ కుట్టింది. ఆ గుండీ మైకు. అతని చెవిలో పెట్టిన చెవిటి మిషన్ రిసీవరు. జుట్టు నెరిసినట్టు రంగు వేసుకుని, కొత్తగా లాండ్రీ కుదుర్చుకోవడానికి వచ్చిన హోటల్ మేనేజరు వేషంలో ఉన్నాడు పిచ్చుక.

"భయంగా ఉందే అక్కా," అన్నాడు ఉన్నట్టుండి.

అక్క దారం పళ్ళతో తెంపింది.

"భయపడు. మీ బావ భయపడలేదు. అందుకే వెనక్కి తిరిగి చూడలేదు."

* * *

మర్నాడు మధ్యాహ్నం లాండ్రీ హాలు నిండా ఆవిరి. గుండ్రటి పెద్ద మెషిన్లు కడుపునొప్పి వచ్చినట్టు మూలుగుతున్నాయి. తడి దుప్పట్లు మోసుకెళ్ళే మనుషులు ఎవరూ అతని ముఖం చూడలేదు. అదే అతన్ని ఇంకా భయపెట్టింది. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఉంది సీతాకోక. సబ్బు వాసనను చీల్చుకుని ఆమె అత్తరు వాసన ముందే ఎదురొచ్చింది. ఆమె నవ్వితే సినిమా పోస్టరు కదిలినట్టుంది.

"తెల్ల చొక్కాలకు గంజి గట్టిగా పెడతారా?" అడిగాడు పిచ్చుక.

"గంజి మామూలే. నీలిమందే ఎక్కువ పెడతాం."

కోడ్ సరిపోయింది. అతను ఊపిరి వదిలాడు.

ఆమె మైకులో ఎవరితోనో, "గెస్ట్‌హౌస్ బండి తిరిగొచ్చేసిందా? సరే," అని లేచింది. గోడ మీది హ్యాండ్‌సెట్ ఒకటి తీసుకుంది. గొంతు తగ్గించి, "ఇక్కడ గోడలకు చెవులున్నాయి. మేడ మీద మాట్లాడుకుందాం రండి. కాస్త ఎండ ఎక్కువగా ఉంది, అంతే," అంది.

మెట్ల దగ్గర ఆమె పక్కకు తప్పుకుని అతన్ని ముందు నడవనిచ్చింది. రెండో అంతస్తు దాటుతుండగా చెవిలో చిన్న శబ్దం. అక్క.

"ఒరేయ్..."

గొంతు వణుకుతోంది.

"ఆ గొంతేరా. ఆ రోజు విన్న గొంతే. ఆ మాటే."

పిచ్చుక కాలు మెట్టు మీద ఆగింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది మేనేజరు గారూ?" వెనక నుంచి ఆమె అడిగింది.

"మోకాళ్ళు," అన్నాడు. "వయసు మీద పడింది కదమ్మా."

నడిచాడు. వెనక మడమల చప్పుడు తప్పలేదు. మెడ వెనక చెమట కారుతోంది. పరుగెత్తి తప్పించుకోవచ్చు. కానీ తప్పించుకుంటే గెస్ట్‌హౌస్‌లో ఉన్నది ఏమిటో, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రతి అంతస్తులోనూ ఒక తలుపు కనిపించింది. ప్రతి తలుపూ రమ్మన్నట్టే ఉంది. పళ్ళు బిగించి పైకే ఎక్కాడు. మేడ తలుపు తీయగానే ఎండ ముఖాన కొట్టింది.

అతను ఈసారి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

ఆమె ఒక చేతిలో హ్యాండ్‌సెట్, ఇంకో చేతిలో చిన్న పిస్తోలు. అదే నవ్వు.

"చెవిటి వేషం బాగుంది. కానీ మెట్ల మీద ఏదో విని ఆగిపోయారు. చెవిటివాళ్ళు అలా ఆగరు."

"ఏం పెట్టారు? ఎక్కడ?" అన్నాడు పిచ్చుక. ఎండిన నోట్లోంచి మాట ముక్కలుగా వచ్చింది.

"మీ పెద్దాయనకు చెప్పడానికా?" ఆమె పిట్టగోడ వైపు చూపించింది. "అక్కడికి నడవండి. చెబుతాను, పోతూ పోతూ తీసుకెళ్ళండి. గెస్ట్‌హౌస్ కింది గదిలో, మాసిన బట్టల బుట్టలో. మాసిన బట్టల్లో చెయ్యి పెట్టే పెద్దమనిషి ఎవడుంటాడు? ఒంటిగంట సైరన్ మోగితే సంతకాలు మొదలు. ఈ సెట్టులో ఒక్క ట్యూన్ మీట నొక్కితే బుట్టలో బాంబుకు తగిలించిన సెట్టుకు వినబడుతుంది. అంతే."

పిట్టగోడ అతని నడుముకు తగిలింది. కింద వీధిలో మనుషులు చీమల్లా ఉన్నారు. తల తిరిగింది.

"అంటే," గట్టిగా అరిచినట్టే అన్నాడు, "అదే ఫ్రీక్వెన్సీలో ఇంకెవరైనా అడ్డం మాట్లాడితే నీ ట్యూన్ వెళ్ళదన్నమాట!"

"ఎవరు మాట్లాడతారు?" ఆమె జాలిగా చూసింది. "ఏడాదిగా దుప్పట్ల గోల పెట్టి అందరినీ తరిమేశాం. సెట్లు కట్టేసుకుని కూర్చున్నారు. మీ ప్రభుత్వమే మాకు ఖాళీ చేసి ఇచ్చింది."

చెవిలో అక్క లేదు. గాలి హోరు కూడా లేదు. గుండీ పని చేస్తోందో లేదో. అక్క విన్నదో లేదో.

దూరంగా ఏదో ఫ్యాక్టరీలో సైరన్ లేచింది.

సీతాకోక నొక్కబోయింది.

ఆమె చేతిలోని సెట్టు బద్దలైనట్టు అరిచింది.

"నా మొగుడిని చంపిన దానా! నీ నోట మన్ను పడ! నొక్కు, ఎలా నొక్కుతావో నేనూ చూస్తాను..."

అక్క గొంతు. దాని మీద ఇంకో గొంతు, ఎవరో ముసలాయన రెండో ఎక్కం చదువుతున్నాడు. దాని మీద ఓ పడవవాడు ఒకే పాటలో ఒకే ముక్క పట్టుకుని పాడుతున్నాడు. ఎవరో ఆడమనిషి మనవడిని తిడుతోంది. ఊళ్ళో మూలమూలనా సెట్లు కట్టేసుకున్నవాళ్ళంతా ఒకేసారి నోళ్ళు విప్పారు. మాటకు మాట అడ్డంపడి, మొత్తం ఒక్క గోలైపోయింది.

ఆమె నొక్కింది. మళ్ళీ నొక్కింది. గెస్ట్‌హౌస్ వైపు చూసింది. అక్కడ పొగ లేదు, చప్పుడు లేదు. ఆ గోలలో ట్యూన్ మునిగిపోయింది.

నవ్వు మొదటిసారి ఆమె ముఖం మీంచి రాలిపోయింది. ఆమె పిస్తోలు ఎత్తింది.

పిచ్చుక ధైర్యంతో దూకలేదు, భయంతో దూకాడు. గుండు చెవి పక్కనుంచి పోయింది. ఇద్దరూ కలిసి పిట్టగోడకు కొట్టుకున్నారు. సెట్టు ఎగిరి కింద వీధిలోకి పోయింది. దాని వెనకే ఆమె కూడా. అతని చెయ్యి తనంతట తానే వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆమె గాలిలో వేలాడుతోంది. పిట్టగోడ అంచు అతని చంకలో కోసుకుపోతోంది. అద్దాల గదిలో కనిపించిన ముఖం కాదు అది. కళ్ళు పెద్దవై, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా ఏడుస్తోంది.

గోల మధ్యలోంచి చెవిలో అక్క గొంతు, "తమ్ముడూ! ఉన్నావా? ఏమైందిరా?"

"ఇక్కడే ఉన్నా," అన్నాడు రొప్పుతూ. "అది నా చేతిలో వేలాడుతోంది. ఎక్కడ నుంచి బావ పడ్డాడో అక్కడే."

అతని వేళ్ళు జారుతున్నాయి. వదిలితే ఎవరూ అడగరు. కాలుజారిందని రాసుకుంటారు. అక్కకు కూడా అది తెలుసు.

"పట్టుకో," అంది చివరికి. ఏడుస్తోంది. "వదలకురా. అది బతికి, అందరి ముందూ నిలబడి చెప్పాలి ఆయన కాలుజారలేదని."

రెండో చెయ్యి కూడా వేశాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు విని, వచ్చింది ఏ పక్షం వాళ్ళో తెలియక కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన మనుషులే. ఆయనకు పక్కింటి ఫోన్‌లోంచి అక్కే కబురు చేసింది, ఒక చెవిని ఫోనుకు, ఇంకో చెవిని సెట్టుకు ఇచ్చి. బావ ఫిర్యాదుల పుస్తకంలో పేర్లున్నవాళ్ళకు కూడా ముందు రాత్రే చెప్పి ఉంచింది, సెట్లు తెరిచి పెట్టుకుని తన గొంతు వినబడగానే తలా ఒక మాట అందుకోమని. గెస్ట్‌హౌస్ కింది గదిలో బుట్ట దొరికింది. దాని వైరు తెంపేదాకా, ఊళ్ళో ఒక్కరూ నోరు మూయలేదు. రెండో ఎక్కం చదివే ముసలాయన పంతొమ్మిదో ఎక్కం దాకా వెళ్ళాడట.

ఆ వారం సీతాకోక కోర్టులో అంతా చెప్పింది. బావ పేరు పక్కన రాసిన "కాలుజారి" కొట్టేశారు. అక్క ఆ కాగితం చదువుకుని, మొదటిసారి సెట్టు కట్టేసి, మధ్యాహ్నం దాకా పడుకుంది.

పెద్దాయన పిచ్చుకను పిలిచి ఒక నోటీసు చేతిలో పెట్టాడు. రేడియో శాఖ పంపింది. ప్రైవేటు వాడకందారులకు కేటాయించిన బ్యాండ్‌ను అనుమతి లేకుండా ప్రభుత్వ పనికి ఎందుకు వాడుకున్నావో సంజాయిషీ ఇవ్వాలట.

లాండ్రీ మీద ఏడాది పాటు ఫిర్యాదులు చేసినా కదలని ఆ శాఖ, ఈ ఒక్క తప్పును మాత్రం రెండు రోజుల్లో పట్టేసింది.