ఫొటోలో కనిపించని రంగులు

ముసలి కార్మెలా వంటగది బల్ల మీదే ఒరిగి చనిపోయింది. పక్కన గ్లాసులో సగం తాగిన, కాఫీ కలిపిన చల్లని పాలు. గ్లాసులోంచి చేదు బాదం వాసన.

1962 జూలై 19. ఉదయం 6.40. అమెరికాలో గిల్టు నగల ఊరు ప్రావిడెన్స్.

పోలీసు సార్జెంట్ మెడైరోస్ గ్లాసు మీద గుడ్డ కప్పాడు. సైనైడ్! గిల్టు నగలకు పూత వేసే ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది.

ముసలామెను చూసుకునే లూర్దెస్ గోడకు ఆనుకుని నిలబడింది. మధ్యాహ్నాలు ఆమె పనిచేసేది పూత షెడ్డులోనే. ఆ షెడ్డు కార్మెలా మేనల్లుడు రెమోది. కార్మెలా బ్రూచ్, బట్టలకు గుచ్చుకునే రాళ్ల పిన్ను, లూర్దెస్ సంచిలో దొరికింది.

నేరం రుజువైతే యావజ్జీవం.

"పాపిష్టిదానా! ఇల్లు రాయించుకున్నావు. చాల్లేదా?" రెమో అరిచాడు.

"ఈ బ్రూచ్ మీ అత్తదేనా?" మెడైరోస్ అడిగాడు.

"1944లో మామయ్య యుద్ధానికి పోతూ ఇచ్చాడు. అదిగో ఫొటో."

గోడ మీద నలుపు తెలుపు ఫొటో. కార్మెలా గౌను మీద అదే పువ్వు. అవే ఆకులు.

మెడైరోస్ బ్రూచ్ తిప్పి చూశాడు. వెనకంతా నల్లబడి ఉంది. కిటికీ దగ్గరికి నడిచాడు. రాళ్లలో గులాబీ, ఆకుపచ్చ, నీలం. నీళ్ల మీద కిరసనాయిలు తేలినట్టు.

"పూత ఎప్పుడు వేస్తారు రెమో? రాళ్లు పెట్టకముందేగా?"

"ముందే. రాళ్లు అంటించడం ఆడాళ్ల పని. నాకేం తెలుసు?"

"మా అమ్మ అంటించేది. భోజనాల బల్ల మీద. యుద్ధంలో మామూలు లోహాలు సైన్యానికి పోతే వెండితో చేసేవాళ్లు. బరువుగా ఉండేవి. రాళ్లు తెల్లగా, నీటిబొట్లలా. తర్వాత మెరుపుల మోజు వచ్చింది. ఇప్పుడేమో ప్లాస్టిక్ పూసలు. ఈ రంగులు మారే రాయి పుట్టి ఆరేళ్లే అయింది."

రెమో పెదవులు తడుపుకున్నాడు.

"పాత అచ్చులో పోసిన కొత్త సరుకు ఇది. పాతదనిపించాలని వెనక నల్లగా చేశావు. నీకొచ్చిన పని అంతే. ఫొటోలో రంగు కనబడదు. లూర్దెస్ జైలుకి పోతే ఇల్లు నీదేగా?"

"ఇల్లంతా గాలించాను, అసలుది దొర..." రెమో నాలుక కరుచుకున్నాడు.

లూర్దెస్ మొదటిసారి నోరు విప్పింది. "పెద్దమ్మ అసలుదాన్ని సోమవారం చర్చి పండుగలో మేరీమాత విగ్రహం అంగీకి మొక్కుగా గుచ్చి వచ్చింది సార్. ఈయన చర్చి మొహం చూస్తేగా తెలిసేది!"



మెడైరోస్ బేడీలు తీశాడు. ఆ చప్పుడుకు లూర్దెస్ కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపింది.

"నీకు కాదమ్మా," అన్నాడు.