బ్రేకులో గాలి

“నొక్కు. ఇంగోసారి నొక్కు. ఆఁ, అట్లే పట్టుకో.”

అమ్మ చక్రం పక్కన నేల మీద కూర్చుని చెబుతోంది. ధాత్రి హ్యాండిల్ దగ్గర నిలబడి బ్రేక్ లివర్ నొక్కి పట్టుకుంది. అమ్మ స్పానర్‌తో చక్రం లోపలున్న చిన్న నిపిల్‌ను కాస్త తిప్పింది. దానికి తగిలించిన సన్నటి ట్యూబులోంచి పాత బ్రేక్ ఆయిల్ సీసాలోకి కారింది. అచ్చం కాఫీ డికాషన్ రంగు. ధాత్రి వేళ్ల కింద లివర్ మెల్లగా హ్యాండిల్ దాకా దిగింది.

“నిపిల్ మూసేసినా. ఇప్పుడు వదులు. నేను మూసేదాకా మాత్రం వదలొద్దు పాపా. వదిలితే బయట గాలి లోపలికి లాక్కుంటాది.”

“తెలుసు మా.”

“హ్యాండిల్ మీదుండే ఆ ఆయిల్ కప్పు మీద గూడా కన్ను పెట్టుకో. ఆయిల్ కింది గీతకు రాకముందే ఆపమని చెప్పి, కొత్తది పొయ్యి. కప్పు ఖాళీ అయితే ఆ దారిలో గాలి లోపలికి పోతాది. గాలి లోపలికి పోయిందంటే బ్రేకు పట్టదు.”

“అదీ తెలుసు మా.”

అది ఏటీవీ. నాలుగు బొద్దు చక్రాలున్న పిల్లల బైకు. కనకమ్మ సత్రం ఊరు దాటాక, తిరుత్తణి రోడ్డు పక్కన మామిడి తోపులో ధాత్రి వాళ్లమ్మ ఇంద్రాణి దాని మీద పిల్లలకు సవారీలు ఇస్తుంది. బండి చిన్నదే కానీ గొంతు పెద్దది. అది స్టార్ట్ అయితే తోపులో మామిడికాయలు రాలవు, భయపడి కొమ్మను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. దాని పొగ చూసి మబ్బు పట్టిందనుకుని ఒకసారి నెమళ్లు ఆడాయి కూడా. నమ్మకపోతే నెమళ్లనే అడగవచ్చు.

తోపు చుట్టూ మట్టి దారి ఉంది. దారిలో ఒక దిగుడు, దిగుడు చివర మలుపు, మలుపు అవతల ముళ్ల కంచె. ఆ మలుపులో బ్రేకు పట్టాలి. బ్రేకు పట్టకపోతే కంచె పట్టుకుంటుంది.

ఆ రోజు ఆడికృత్తిక, మురుగన్ పండగ. తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించుకుని, నున్నటి తలకు చందనం పూసుకున్న పిల్లలు తిరుగుదారిలో ఇక్కడ దిగుతారు. వాళ్లు వచ్చేలోపు పాత ఆయిల్ తీసేసి కొత్తది నింపాలి.

అప్పుడే గుహన్ వచ్చాడు. ధాత్రి క్లాసే. సత్రం ఊళ్లో వాళ్ల నాన్నకు కిరాణా అంగడి ఉంది. ఈ రోజు మొదటి సవారీ వాడికే అని ధాత్రి మాట ఇచ్చింది.

“ఇంగా కాలేదా?” అన్నాడు గుహన్.

“అయిపోతా ఉండాది. ఈ బండి స్పీడు ఎంతో తెలుసునా నీకు? పోయిన వారం ఒక కుక్క దీన్ని తరిమింది. బండి తోపంతా ఒక రౌండు కొట్టి, ఆ కుక్క ఎనకాల వచ్చి నిలబడింది. కుక్క ఇంగా ముందరికే మొరగతా ఉండాది.”

“అప్పురం?”

“అప్పురం ఏముంది? దానికి తల తిరిగిపోయి, ఇంటికి దారి యాడని నన్నే అడిగింది.”

“తెలుగులోనా, అరవంలోనా?”

“రెండూ కలిపి. మన ఊరి కుక్క గదా.”

గుహన్ పగలబడి నవ్వాడు. ధాత్రి కూడా నవ్వింది. నవ్వుతూనే అమ్మ చెప్పినప్పుడల్లా నొక్కింది, పట్టుకుంది, వదిలింది.

లివర్ కింద ‘గుళుక్’ మంది.

ధాత్రి కప్పులోకి చూసింది. కింది గీత ఎప్పుడో బయటపడింది. కప్పు అడుగున తడి తప్ప ఏమీ లేదు.

అమ్మ తల చక్రం చాటున ఉంది. ధాత్రి గబుక్కున కొత్త సీసా వంచి పై గీత దాకా పోసేసింది. కప్పు నిండుగా, చక్కగా కనబడింది. ఏమీ జరగనట్టే ఉంది.

“ఏమిమే, నొక్కవేంది?” అంది అమ్మ.

“ఏం లేదు మా. చెయ్యి నొప్పెట్టింది.”

కాసేపటికి ట్యూబులో తేనె రంగు ఆయిల్ వచ్చింది. కొత్తది అందిందని అమ్మ నిపిల్ బిగించి లేచింది. గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది.

“వచ్చేసినారు. కప్పు మూత పెట్టు. బ్రేకు గట్టిగా ఉండాదా చూడు.”

ధాత్రి నొక్కింది. పులిసిన దోసె పిండిలో వేలు పెట్టినట్టు లివర్ మెత్తగా లోపలికి పోయింది. గబగబా మళ్లీ మళ్లీ నొక్కింది. నొక్కగా నొక్కగా లివర్ కాస్త గట్టిపడింది.

“చూడు మా. గట్టిగానే ఉండాది.”

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఒకసారి నొక్కింది. “సరి” అని గేటు వైపు వెళ్లిపోయింది.

అమ్మ తిరిగొచ్చి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కర్పూరం వెలిగించింది. ధాత్రి కళ్లు మూసుకుంది.

‘మురుగా, లోపలుండే గాలిని నువ్వే ఎట్లనన్నా తీసెయ్యి’ అని మొక్కుకుంది. వెంటనే అనుమానం వచ్చింది. ఆయన తిరిగేది నెమలి మీద. నెమలికి బ్రేకులుండవు. ఎందుకైనా మంచిదని, ఎవరూ చూడకుండా ముందు చక్రం కింద ఇంకో నిమ్మకాయ దోపింది.

గుహన్ బండెక్కి కూర్చున్నాడు. వాడి హెల్మెట్ పట్టీ బిగించాక, ధాత్రి లివర్ ఒక్కసారి నొక్కింది. అది హ్యాండిల్‌కు ఆనుకునేదాకా మెత్తగా దిగిపోయింది.

గాలి ఎక్కడికీ పోలేదు.

“దిగుడులో నేను మెల్లిగా పోనే పోను” అన్నాడు గుహన్. “మలుపు దగ్గరికి పోయినాక చూసుకుంటా.”

“రొంత మెల్లిగానే పోరా.”

“ఏమిటికి? బ్రేకు చూసింది నువ్వే గదా. నాకేం బయం?”

ధాత్రి దిగుడు వైపు చూసింది. మలుపు అవతల కంచె ముళ్లు ఎండలో మెరుస్తున్నాయి.

“స్టార్ట్ చెయ్ నాయనా” అంది అమ్మ దూరం నుంచి.

గుహన్ చెయ్యి తాళం మీదికి వెళ్లింది. ధాత్రి అంతకంటే ముందే తాళం లాగేసింది.

“దిగు.”

“ఏమి?”

“దిగరా, చెప్తా ఉండా గదా.”

“ఇంగో కతా?”

“కత కాదు.”

కుక్క గురించి సాయంత్రం దాకా చెప్పగల నోరు అది. ఇప్పుడు చెప్పాల్సింది నాలుగు ముక్కలే. అమ్మ దగ్గరికి వచ్చేసింది. వరసలోని చందనపు గుండ్లన్నీ ఇటే తిరిగాయి.

“అమ్మా, కప్పు ఖాళీ అయిపోయింది. నేను మాటల్లో పడి చూడలేదు. మళ్లా పోసి నింపేసినా. నువ్వు చూసేదానికి ముందే గబగబా నొక్కినా, అందుకే గట్టిగా ఉన్నింది.”

అమ్మ లివర్ నొక్కింది. అది మెత్తగా దిగిపోయింది. అమ్మ దిగుడు వైపు చూసింది, కంచె వైపు చూసింది. తర్వాత గుహన్ హెల్మెట్ పట్టీ తనే విప్పి, వాడిని కిందికి దించింది.

“అందరూ రొంతసేపు నీడన కూసోండి. బండి సిద్ధం కాలేదు.”

“ఏంమా, మాకు బస్సుకు టైమవతా ఉండాది” అన్నాడు ఒక గుండు పిల్లవాడి తండ్రి. “నిమ్మకాయలు గూడా పెట్టేసినారు గదా.”

“నిమ్మకాయలు పెట్టినాము అన్నా. బ్రేకే ఇంగా పెట్టలేదు.”

గుహన్ వెళ్లి పాత టైరు మీద కూర్చున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

ధాత్రి స్పానర్ తెచ్చి ఇచ్చింది. “నన్ను తిట్టవా మా?”

“తిడతా. ముందు కప్పు మూత తియ్యి.”

పని మొదటి నుంచీ మొదలైంది. నొక్కడం, పట్టుకోవడం, అమ్మ మూశాక వదలడం. మొదట ట్యూబులో బుడగలు వరసగా వచ్చాయి. ఆయిల్ కింది గీతకు చేరకముందే ధాత్రి “ఆపు మా” అంది, పోసింది. బుడగలు తగ్గాయి. తర్వాత ఒకటీ అరా వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి. లివర్ చేతికి రాయిలా తగిలింది.

ఇంకొక్కసారి నొక్కి పట్టుకున్నప్పుడు రోడ్డు మీద మేళం మోగింది. కావిళ్లు ఎత్తుకున్న గుంపు ఒకటి నెమలి ఈకలు ఊపుకుంటూ కొండకు నడుస్తోంది. పిల్లలంతా గేటుకు పరిగెత్తారు. ధాత్రి తల కూడా ఒక్క క్షణం అటు తిరిగింది. వెంటనే ఇటు తిరిగింది.

“మూసేసినా, వదులు” అంది అమ్మ. ట్యూబు వైపు చూసింది. అంతా తేనె రంగే. “సరి, అయిపోయింది. రమ్మను వాళ్లని.”

అమ్మ స్పానర్ తీసి తుడిచింది. గుహన్ టైరు మీంచి లేచాడు. బస్సుకు టైమవుతోందన్న ఆయన వాచీ చూసుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“అమ్మా” అంది ధాత్రి.

“ఏమి?”

“ఇప్పుడు నేను రోడ్డు పక్క చూసినా. నువ్వు మూసేదానికి ముందే నా వేళ్లు రొంత వదులైనట్టుండాది. అయినాయో లేదో నాకు సరిగ్గా తెలీదు.”

అమ్మ లివర్ నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. కూతురి మొహం చూసింది. మళ్లీ నేల మీద కూర్చుని, స్పానర్ నిపిల్‌కు తగిలించింది.

వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. “ఈ పొద్దుకు ఇది కాదులే” అన్నారు ఇంకెవరో. ధాత్రి అటు చూడలేదు. కప్పులో ఆయిల్ గీతకు ఇంకా పైనే ఉంది. అయినా కొత్త సీసా మూత తీసి, కొంచెం పోసింది.